గ్లౌజులు తొడుక్కుని పక్కనా, చేతులు కట్టుకుని దూరంగానా?

పీజీ ముగించి చెన్నైలో ఏ ఐసీయూలోనో సీనియర్ రెసిడెంటుగా చేరగానే, జూనియర్ల చేత సెంట్రల్ లైన్లు, అంటే పెద్ద సిరలోకి గొట్టాలు, వేయించే పని మీద పడుతుంది. సూది గుచ్చడం మూడేళ్లలో వచ్చేస్తుంది. గుచ్చుతున్నవారిని చూస్తూ ఊరుకోవడం ఎవరూ ప్రత్యేకించి నేర్పరు. అందుకే కొందరు గౌను, గ్లౌజులు తొడుక్కుని జూనియర్ భుజానికి ఆనుకుని నిలబడతారు. కొందరు మంచం చివర నుంచి నోటితోనే నడిపిస్తారు.

పక్కనే ఉంటే రోగికి భద్రత. కానీ జూనియర్ కాస్త తడబడగానే సూది సీనియర్ చేతిలోకి వెళ్లిపోతుంది. చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్కులో మరో సెంట్రల్ లైను చేరుతుంది, పని మాత్రం చేతికి రాదు. దూరంగా ఉంటే చేయి తిరుగుతుంది గానీ, ఆపద వచ్చాక సీనియర్ చేతులు కడుక్కుని గౌను తొడుక్కునేదెప్పుడు?

మొత్తం పనికి ఒకే పద్ధతి ఎంచుకోవడం నాకు నచ్చదు. సూదిలోంచి తీగ, తీగ మీదుగా గొట్టం అనే సెల్డింగర్ సూత్రం 1953 నాటిది. అందులో అన్ని మెట్లూ ఒక్కలాంటివి కావు. మెడ సిరకు బదులు సూది కరోటిడ్ ధమనిలోకి వెళితే, తీసేసి గట్టిగా అదిమిపట్టడంతో చాలాసార్లు సరిపోతుంది. గొట్టానికి దారి వెడల్పు చేసే డైలేటర్ ధమనిలోకి వెళ్లిందా, రక్తనాళాల సర్జన్‌ను పిలవాల్సిందే. కాబట్టి అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొన కనిపిస్తున్నంతసేపు జూనియర్‌ను వెతుక్కోనివ్వండి. మొన కనబడకపోతే ముందుకు పోనివ్వకండి. డైలేటర్ ఎత్తేముందు ఆపి, తీగ సిరలోనే ఉందని ఇద్దరూ తెర మీద చూడాలి. మానిటర్‌లో గుండె లయ తప్పితే తీగను కాస్త వెనక్కి లాగించాలి. అంటే గ్లౌజులు మొదటి నుంచీ ఉండాలి, చేతులు మాత్రం కదలకూడదు.

ఏ దశలో సూది తీసుకుంటారో మంచం దగ్గరికి రాకముందే చెప్పుకోవాలి. మెలకువగా ఉన్న రోగి వింటుంటారు. తమిళ రోగి ముందు తెలుగులో మందలించుకుంటే గుట్టుగా ఉంటుందనుకునే మనవాళ్లున్నారు. చెన్నైలో ఆ ధీమా పనికిరాదు. "ఒక్క నిమిషం ఆగమ్మా, తెర చూద్దాం" అంటే రోగీ బెదరరు, జూనియరూ బెదరదు.

ఇక రోగికి బదులు శిక్షణ బొమ్మ మీద సాధన. మెట్ల వరుస నేర్చుకోవడానికి మంచిదే గానీ, దాన్ని జూనియర్లకే వదిలేస్తున్నాం. ఒక సీనియర్ కావాలని తప్పులు చేస్తుంటే, కొత్తగా చేరిన మరో సీనియర్ ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ చేయి పెట్టాలో అక్కడే సాధన చేయవచ్చు.