విశాఖలో ప్రభుత్వ పళ్ల వైద్యం: మూడేళ్లు తిరిగాక

గాజువాకలో కుట్టుపని చేసుకుంటాను. 2022లో నాకు కింది దవడ పన్ను పుచ్చింది. అప్పటినుంచి నాకు, అమ్మకి, పాపకి పళ్ల కోసం తిరుగుతూనే ఉన్నాను. మొదట నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి, తర్వాత ఊరి బయట ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీకి.

ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసరమైతే బాగా చూస్తారు. అమ్మకి చిగురు వాచి జ్వరమొస్తే అదే రోజు చీము తీసి మందులిచ్చారు, పైసా అడగలేదు. ఆ మేలు మరచిపోను. నా పుచ్చు పన్నుకి మాత్రం "ఇప్పుడేం లేదమ్మా, నొప్పెడితే రా" అన్నారు. నొప్పెట్టి వెళ్తే "పీకేద్దామా?" అన్నారు. పన్ను పీకకుండా నిలబెట్టే రూట్ కెనాల్ చేయమని బతిమాలాను. సామాన్లు లేవు, రెండు నెలలాగి రమ్మన్నారు. మళ్లీ వెళ్లినా అదే మాట. డాక్టర్లని తప్పుపట్టలేను. దవడ పన్ను వేళ్లలో మూడు నాలుగు కాలువలుంటాయి, ఒక్కోటీ శుభ్రం చేసి నింపాలి. ఓపీ చీటీలు పట్టుకుని అంతమంది బయట నిలబడి ఉంటే ఒకరికే అంతసేపు ఎలా ఇస్తారు? చివరికి పీకించుకున్నాను. నిలబడాల్సిన పన్ను అది. ఇప్పుడు ఆ వైపు నమల్లేను, పై పన్ను కిందికి దిగుతోంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్లకి తగిలించే కట్టుడు పన్ను, కట్టించుకోవాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లు అరగదీయాలట.

రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి కూడా వైద్యానికి జనం వచ్చే మన విశాఖలో లేదు. ఉంటే నా పన్ను ఉండేది.

రెండో పన్ను పుచ్చినప్పుడు క్లినిక్‌లో రూట్ కెనాల్, క్యాప్ కలిపి 9 వేలన్నారు. ఊరి బయటి ప్రైవేటు డెంటల్ కాలేజీలో 3 వేల లోపే అయ్యింది. విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసరు గారు మధ్యమధ్యలో వచ్చి చూస్తారు. అందుకే ఆలస్యం. నాలుగుసార్లు వెళ్లాను, నాలుగు రోజుల కూలి పోయింది. ఆ డబ్బూ లెక్కేసుకోండి. పని మాత్రం శ్రద్ధగా చేశారు, ఏడాదిన్నరైనా ఇబ్బంది లేదు.

పిల్లలున్నవాళ్లకి ఒక్క మాట. పాపకి ఆరేళ్లప్పుడు వెనకాల వచ్చిన దవడ పన్ను పాలపన్నే, ఊడిపోతుందిలే అనుకున్నాను. అది ఊడి మళ్లీ వచ్చేది కాదని కాలేజీలో చెప్పారు. అప్పటికి చిన్న నల్ల చుక్కే, ఒక్క పూటలో ఫిల్లింగ్ చేసేశారు.

పాపని ఇప్పుడు ఆరు నెలలకోసారి అక్కడికే తీసుకెళ్తున్నాను. అమ్మకి అంత దూరం బస్సు పడదు. ఆవిడకి ఇంకో పన్ను కదులుతోంది, సోమవారం మళ్లీ ఓపీ లైన్లో నిలబడాలి.