టికెట్ రెండొందలు, ప్లేట్ల నాలుగు ముక్కలు: హన్మకొండ ఫుడ్ ఫెస్టివల్‌కు పోయొచ్చినం

ముందే చెప్తున్న, ఆ ఫుడ్ ఫెస్టివల్ మల్ల పెడితే నేనైతే పోను. అట్లని హన్మకొండ, వరంగల్ దిక్కు తిరగాలనుకునేటోళ్లు ఆగిపోకుండ్రి, తినడానికి మస్తున్నది, గ్రౌండ్ లోపల కాదు, బయట.

మేం కరీంనగర్ నుంచి కార్ల పోయినం. హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగ డెబ్బై కిలోమీటర్లుంటది. మేం పోయినప్పుడు రోడ్డు వెడల్పు చేసే పని నడుస్తుండె, డైవర్షన్ల కాడ దుమ్ముకు ముందటి బండి కనపడలే, కాబట్టి వెలుతురుండంగనే చేరేటట్టు చూసుకోండి. బావ వాళ్లు జగిత్యాల నుంచి వచ్చి మాతోని కలిసిండ్రు. పిలగాండ్లు ఫోన్ల రీల్ చూసి ఒకటే లొల్లి, డ్రోన్‌తోని తీసిన లైట్లు, వంద స్టాళ్లు, ఓరుగల్లు రుచులన్నీ ఒక్క కాడ అని మస్తు బిల్డప్ ఇచ్చిండ్రు అండ్ల.

గేటు కాడ్నే పైసలు కారుడు మొదలైంది. పార్కింగ్ యాభై, అదీ పక్కన దున్నిన ప్లాటు లాంటి జాగల, రసీదు లేదు. ఎంట్రీ మనిషికి రెండొందలు, ఐదేండ్లు దాటిన పిలగాండ్లకు కూడ ఫుల్ టికెట్. రెండొందలల్ల ఏమన్న ఫుడ్ కూపన్ ఉంటదేమో అని అడిగితే "లేదు సార్, ఎంట్రీ ఒక్కటే" అన్నడు ఆ పిల్లగాడు, పాపం ఆయనకు కూడ సిగ్గయినట్టే ఉండె. లోపలికి పోయినంక ఇంకో లైను, స్టాళ్ల కాడ క్యాష్ తీస్కోరట, ఫోన్‌పే తీస్కోరట, కార్డు కొని అండ్ల పైసలు వేయించుకోవాలె, తక్కువల తక్కువ ఐదొందలు, మిగిలితే వాపస్ రావు అని కార్డు వెనుక సన్నటి అక్షరాలల్ల రాసున్నది. రోడ్డు మీద కొబ్బరిబోండాలమ్మే అవ్వ కూడ స్కాన్ చేయమంటున్న రోజులల్ల ఈ కార్డు ఎందుకు? మిగిలిన పైసల కోసమే, ఇంకేం లేదు.

వంద స్టాళ్లన్నరు కదా, చుట్టు తిరిగి చూస్తే నలభై కూడ లేవు, అండ్ల మోమోలే ఏడెనిమిది, కార్న్ డాగులు, స్పైరల్ ఆలుగడ్డ, పొగలొచ్చే బిస్కెట్లు, మండి, బొంగు చికెన్. ఇవన్నీ ఇప్పుడు కరీంనగర్‌ల గల్లీకొకటి దొరుకుతున్నయి, దీనికోసం డెబ్బై కిలోమీటర్లు రావాల్నా? ఓరుగల్లు రుచులేవని వెతికితే ఓ మూలకు, జనరేటర్ పక్కన, మూడు స్టాళ్లు. 2025లనే వరంగల్ చపాటా మిర్చికి, ఇది ఈ జాగదే అని చెప్పే జీఐ ట్యాగ్ వచ్చింది, లావుగ టమాటలెక్క ఉండి కారం తక్కువ, రంగు ఎక్కువ ఇచ్చే మిర్చి. మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊర్లె పండుగ పెట్టి ఆ మిర్చితోని ఒక్క తొక్కు సీసా కూడ పెట్టలేదంటే ఏమనాలె.

మటన్ బిర్యానీ మూడొందల యాభై, చేతిల పట్టే కాగితం గిన్నెల నాలుగు ముక్కలు, అండ్ల ఒకటి వట్టి బొక్క. బగారన్నం, నాటుకోడి కూర కాంబో మూడొందలు, కూర వాసన మంచిగుంది కానీ సల్లగయ్యింది. మక్క గారెలు నాలుగింటికి నూట ఇరవై, పచ్చి కంకుల కాలం కాకపాయె, ఫ్రిజ్‌ల పెట్టిన గింజలో ఏమో, పిండి పిండిగ తగిలినయి. బావ ఒక్కటి నోట్లె పెట్టుకొని "ఏం బామ్మర్ది, ఇది గారెనా, గట్టిపడ్డ ఉప్మానా" అన్నడు, మా అక్క ఆయన దిక్కు గుడ్లురిమి చూసింది, స్టాల్ ఆమె వింటదని.

సర్వపిండి సంగతి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే అసలు తప్పు ఎక్కడున్నదో నాకు అక్కడనే సమజైంది. ఒక్కటి నూట యాభై, మా అరచేయంత సైజు, లోపల మెత్తగ, పైన రబ్బరు. మా ఇండ్లల్ల ఎట్ల చేస్తరో తెల్సిందే, బియ్యం పిండిల నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం కలిపి, సర్వ అనే గిన్నె లోపటి గోడలకు పలచగ ఒత్తి, వేలితోని బొక్కలు పెట్టి, బొక్కలల్ల నూనె వోసి, మూతవెట్టి సన్న మంట మీద ఉంచుతరు. ఒక్కటి కాలుటానికే పావుగంట పడ్తది. మల్ల అదే గిన్నెల ఇంకోటి ఒత్తాలంటే గిన్నెను నీళ్లల్ల వెట్టి సల్లారనియ్యాలె, లేకపోతే చేతులు కాల్తయి, పిండి అంటుకోదు. రెండు మూడు గిన్నెలు మార్చుకుంట చేసినా గంటకు పన్నెండు అయితే గొప్ప. అట్లాంటిది వేలమంది వచ్చే గ్రౌండ్‌ల అడిగినోళ్లకందరికి అప్పటికప్పుడు ఎట్ల ఇస్తరు? సర్వపిండి స్టాల్ ఆమె పొద్దున్నే ఇంట్ల చేసుకొని డబ్బాలల్ల తెచ్చి ఓవెన్ల వేడిచేసి ఇస్తున్నది. ఓవెన్ల పెడితే సర్వపిండి కరకర ఏడుంటది.

ఆమెతోని మాట్లాడినం, రష్ తగ్గినంక. మూడు రోజులకు స్టాల్ కిరాయి కింద ఇరవై ఐదు వేలు ముందే కట్టించుకున్నరట, కరెంటుకు వేరే, మల్ల కార్డు మీద వచ్చిన ప్రతి నూరు రూపాయలల్ల ఇరవై నిర్వాహకులకే. "ఇంట్లకెళ్లి అమ్మితే యాభైకే ఇస్తా అన్నా, ఇక్కడ నూట యాభైకి అమ్మినా నాకేం మిగుల్తలేదు" అన్నది. అది విన్నంక ఆమె మీద కోపం పోయింది. ధర పెంచింది వండేటోళ్లు కాదు, లైట్లకు, యాంకర్‌కు, డీజేకు అయ్యే ఖర్చంతా ప్లేటు మీదికి తోలిండ్రు. రుచి చూసి వండేటోళ్లను పిలువలే, కిరాయి కట్టగలిగేటోళ్లను పిలిచిండ్రు, అందుకే మోమోలు అన్ని.

నీళ్ల బాటిల్ ఇంకో లొల్లి. ఇరవై ఎమ్మార్పీ ఉన్నది నలభై. లోపల మంచినీళ్ల డ్రమ్ము ఒక్కటి కూడ లేదు, బయటి బాటిల్ గేటు కాడ గుంజుకున్నరు. బావ పట్టు వదలలే, సీల్ బాటిల్ ఎమ్మార్పీ కంటె ఎక్కువకు అమ్మొద్దు, బిల్లు ఇయ్యి, 1915కు ఫోన్ చేస్తా అన్నడు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు అనంగనే వాడు ఇరవైకి ఇచ్చిండు, మా ఒక్కలకే, వెనుక నిలబడ్డోళ్లకు మల్ల నలభై! ఇంకోటి, తినే స్టాల్ ఏదైనా ఫుడ్ సేఫ్టీ వాళ్లిచ్చే పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనపడేటట్టు పెట్టాలె, మేం చూసినంత మట్టుకు రెండు మూడింటి మీదనే ఉండె.

కూసుండే జాగ గురించి చెప్పుడే దండుగ. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె కోసం కుర్చీ అడిగితే వీఐపీ ఎన్‌క్లోజర్‌ల ఉన్నయి, టికెట్ వేరే అన్నరు. గ్రౌండ్‌ల నీళ్లు చల్లలే, జనం తిరిగిన కొద్ది మట్టి లేచి ప్లేట్లల్ల పడ్తున్నది. బాత్రూంలు నాలుగు, అండ్ల రెండింటికి తలుపు గడియ లేదు. స్టేజి మీద పానీపూరి తినే పోటీ, డీజే సౌండుకు పక్కన మనిషి మాట వినపడది. ఒక్క మంచి సంగతి, ఎర్ర టోపీల వలంటీర్ పిల్లలు, కాలేజోళ్లనుకుంట, మా చిన్నోడు తప్పిపోతే వెంటనే మైకుల చెప్పించి వెతికిచ్చిండ్రు, వాళ్లకు మాత్రం దండం పెట్టాలె. కార్డుల మిగిలిన నూట పది రూపాయలు అడిగితే కౌంటర్ బంద్ అయింది అన్నరు, అప్పటికి ఇంకా ఎంట్రీ టికెట్లు అమ్ముతనే ఉన్నరు.

రాత్రి నక్కలగుట్ట దిక్కు ఓ లాడ్జిల ఉన్నం, పేరు చెప్ప. ఫెస్టివల్ ఉన్నదని పద్దెనిమిది వందల రూము రెండు వేల ఆరొందలు చేసిండు. దుప్పట్లు సాఫుగనే ఉన్నయి, వేడినీళ్లు మాత్రం పొద్దున ఏడు దాటితే రావు, ముందే అడుక్కోండి. ఇద్దరు ముసలోళ్లుంటే కింది ఫ్లోర్ అడగండి, లిఫ్ట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

తెల్లారి మాత్రం మంచిగ గడిచింది. వేయి స్తంభాల గుడికి పొద్దున్నే పోతే జనం ఉండరు, 1163ల రుద్రదేవుడు కట్టించిన గుడి, పైసా టికెట్ లేదు, నల్లరాతి స్తంభాలను పిలగాండ్లు చేత్తోని తడిమి తడిమి చూసిండ్రు. బయటకొచ్చి చౌరస్తా దిక్కు ఓ బండి కాడ ఇడ్లీ, మిర్చి బజ్జీ తిన్నం, బజ్జీ కళ్ల ముందట నూనెలకెళ్లి తీసి ఉల్లిగడ్డ చల్లి ఇచ్చిండు, ఇంటిల్లిపాది కడుపునిండ తింటే మూడొందలు కాలే, నీళ్లు ఫ్రీ, అత్తమ్మకు స్టూల్ కూడ ఏసిండు. తర్వాత ఖిలా వరంగల్, నాలుగు తోరణాల కాడ నీడ తక్కువ, టోపీలు పెట్టుకోండి. రామప్ప గుడి కూడ చూడాలనుకున్నం, అదున్న పాలంపేట అరవై డెబ్బై కిలోమీటర్లుంటది, దానికి లక్నవరం చెరువు కలిపి ఓ పూరా రోజు పెట్టుకోవాలె, మేం తిరుగు బాట పట్టినం.

ఆ సర్వపిండి ఆమె నంబరు మా ఇంటామె తీసుకున్నది. వచ్చేటప్పుడు ఫోన్ చేసి ఇంటికే పోయి పది చేయించుకున్నం, ఐదొందలు, గిన్నెలకెళ్లి తీసినయి తీసినట్టే కాగితంల చుట్టి ఇచ్చింది. ఎల్కతుర్తి దాటకముందే ఆరు అయిపోయినయి, మిగిలిన నాలుగు ఇంట్ల మా అమ్మకిస్తే తినుకుంటనే "నువ్వులు తక్కువేసింది" అన్నది.