రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్: నాలుగేళ్ల తర్వాత నా అనుభవం

ఆపరేషన్ చేయించుకుని ఈ వేసవికి నాలుగేళ్లు నిండాయి. మెడనొప్పి పోయింది, బ్రా పట్టీలు దిగబడి భుజాల మీద పడిన గాడులు పూడిపోయాయి, రొమ్ముల కింద చెమటకు ఒరుసుకుపోయి మండే చర్మం మామూలు చర్మమైంది. ఫలితం పట్ల నాకు పూర్తి తృప్తి ఉంది. అయితే మూడు వారాల్లో మానాల్సిన గాయానికి రెండున్నర నెలలు పట్టింది. అందుకు కారణాలు నేను ఆపరేషన్ బల్ల ఎక్కకముందే నా ఒంట్లో ఉన్నాయి కాబట్టి, ఈ సమీక్షలో వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అప్పటికి నాకు 46 ఏళ్లు, బరువు 84 కిలోలు, పైగా షుగర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.1 రాగా, దానిని ఏడుకు దించుకుని, కాస్త బరువు కూడా తగ్గి రమ్మని సర్జన్ చెప్పారు. బడికి వేసవి సెలవులు దాటితే మళ్లీ ఏడాది ఆగాలన్న తొందరలో, 7.6కు రాగానే చేసేయమని పట్టుబట్టింది నేనే.

తొమ్మిదో రోజు కట్టు విప్పినప్పుడు గాజుగుడ్డకు పసుపుపచ్చని మరక అంటింది. నిలువు కుట్టు వచ్చి రొమ్ము కింది మడతలోని అడ్డ కుట్టును కలిసే చోట, రూపాయి బిళ్లంత మేర చర్మం విడిపోయింది. మళ్లీ కుట్టేయమని అడిగితే, "పైన మూసేస్తే చీము లోపలే ఉండిపోతుందమ్మా, ఇది అడుగు నుంచి పూడుకుంటూ రావాలి" అని నర్సమ్మ చెప్పింది. ఈ ఆపరేషన్‌లో గాయం ఎక్కువగా విడిపోయేది అక్కడే, ఎందుకంటే చర్మం మీద లాగుడు అక్కడ ఎక్కువ, రక్తసరఫరా తక్కువ, మడతలో తడి ఆరదు. దానికి షుగర్ తోడైతే గాయం మానడం మందగించి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. కొవ్వుకు రక్తనాళాలు తక్కువ కాబట్టి అధిక బరువు కూడా అదే పని చేస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా హెచ్చరించవలసింది పొగాకు గురించి. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది, చనుమొనను పైకి జరిపినప్పుడు దానిని బతికించేది ఆ నాళాలే. సిగరెట్ ఒక్కటే పొగాకు అనుకోవద్దు. మా ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట, నోట్లో పెట్టుకునే ఖైనీ కూడా లెక్కలోకి వస్తాయి, సర్జన్ అడిగితే సిగ్గుపడి దాచకండి. ముందూ వెనకా కనీసం నాలుగు వారాలు మానేయాలని నాకు చెప్పారు. రొమ్ము ఎంత జారి ఉంటే, తీసే కండ ఎంత ఎక్కువైతే, చనుమొనకు ముప్పు అంత పెరుగుతుంది. నాకు ఒక్కో వైపు ముప్పావు కిలో పైనే తీశారు. ఎడమ చనుమొనకు ఇప్పటికీ స్పర్శ సగమే.

మచ్చలు మాత్రం సిలికాన్ పట్టీలతో బాగానే అణిగాయి.

రెండో ఏడు కుడివైపు గట్టిగా గడ్డ తగిలి ప్రాణం పోయినంత పనైంది. ఆపరేషన్‌కు ముందు తీసిన మామోగ్రామ్ పక్కన పెట్టి చూసి, బయాప్సీ కూడా చేసి, అది చచ్చిపోయిన కొవ్వు గడ్డకట్టడమేనని తేల్చారు. ఆ పాత ఫిల్మును బీరువాలో చీరల కింద ఇప్పటికీ భద్రంగా ఉంచుకున్నాను.