మేం ముట్టుకోని ఇస్త్రీపెట్టె

ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఒక సూట్‌కేసు ఇంకా హాల్లో గోడకి ఆనుకునే ఉంది. ఆ పొద్దున్న ఫోన్‌లో బ్యాంకు మెసేజ్: మేం రెండో మజిలీలో దిగిన హోటల్ నా క్రెడిట్ కార్డు మీద మళ్ళీ డబ్బు లాగింది. ఎంతంటే, అక్కడ రెండు రాత్రులకి కట్టిన అద్దె కంటే కాస్త ఎక్కువే. వచ్చేసేరోజే బిల్లంతా కట్టి రసీదు తీసుకున్నాం కదా, మరి ఇదేమిటి?

సాయంత్రానికి ఈమెయిల్ వచ్చింది. గదిలో కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉందట, ఆ భాగం మార్చాల్సి వస్తోందట. కింద ఒక ఫొటో. బూడిదరంగు కార్పెట్, దాని మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ. మంచం లేదు, గోడ లేదు, కిటికీ లేదు. ఏ దేశంలో ఏ హోటల్ కార్పెట్టైనా కావచ్చు.

"మీరుగానీ ఇస్త్రీపెట్టె తీశారా?" అని మా ఆయన్ని అడిగాను.

"ఇంట్లోనే ముట్టుకోను, అక్కడెందుకు తీస్తానే?" అన్నారు. నిజమే, అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు. కానీ హోటల్‌కి చూపించడానికి పనికిరాదు.

ఆ ప్రయాణంలో మూడు చోట్ల దిగాం. ఉన్నమాట చెప్పుకోవాలంటే మూడింట్లో ఈ రెండోదే బాగుంది. పరుపు, నిశ్శబ్దం, స్టేషన్ నుంచి నడక దూరం, అర్ధరాత్రి చేరినా విసుక్కోకుండా తాళమిచ్చిన రిసెప్షన్ కుర్రాడు. ఇంత జరిగాక కూడా ఆ పరుపు గురించి చెడ్డగా రాయలేను. మొదటిది సరస్సు ఒడ్డున ఓ కుటుంబం నడిపే చిన్న బస. మెట్లెక్కలేక చచ్చాం, వేడినీళ్ళు వాటి ఇష్టం వచ్చినప్పుడు వచ్చేవి. అయితే బయల్దేరే పొద్దున్న ఆ ఇంటావిడ మాతోపాటు గదిలోకొచ్చి, అలమార తెరిచి చూసి, బాత్రూంలో ఓసారి తొంగి చూసి, అంతా సరిగ్గా ఉందని చెప్పి మరీ తాళం తీసుకుంది. ఐదు నిమిషాలు పట్టలేదు. మమ్మల్ని అనుమానిస్తోందేమోనని అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. మూడోది విమానాశ్రయం పక్కది. అక్కడ మనిషే కనపడలేదు, మిషన్లో నంబరు కొడితే తలుపు తెరుచుకుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

రెండో హోటల్లో మాత్రం, తాళం కార్డు డబ్బాలో పడేసి వెళ్ళిపొమ్మన్నారు. ఎంత హాయి అనుకున్నాం.

దిగేటప్పుడు కార్డు గీకించుకున్నారు. అది ప్రీ ఆథరైజేషన్, అంటే డబ్బు తీసుకోవడం కాదు, ఇంత మొత్తం పక్కన పెట్టి ఉంచమని బ్యాంకుకి చెప్పడం. మేం వచ్చేశాక అది వదిలేశారు కూడా, స్టేట్‌మెంట్‌లో కనిపించింది. ఇప్పుడు లాగినది వేరే కొత్త లావాదేవీ. ఈ తేడా నాకు మొదటిరోజు తట్టలేదు. తట్టి ఉంటే, పచ్చి కోపంలో రాసిన ఆ రెండు పేజీల ఈమెయిల్ రాసేదాన్నే కాదు. పంపకుండా చెరిపేశాను, అదొక్కటే ఆ రోజు చేసిన మంచి పని.

మర్నాడు నాలుగు వాక్యాలు రాశాను. మచ్చ గదిలో ఎక్కడుందో తెలిసేలా దూరంనుంచి తీసిన ఫొటో, అది ఏ రోజు ఎప్పుడు తీశారో, మా కంటే ముందు దిగినవాళ్ళు వెళ్ళాక గది తనిఖీ చేసిన కాగితం, కార్పెట్ మార్పించినందుకు బిల్లు. ఇవి పంపండి, చూసి మాట్లాడతాను అన్నాను. మేం కాల్చలేదని ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెబితే ప్రాధేయపడినట్టు ఉంటుంది. ఫోన్ చెయ్యలేదు. ఫోన్‌లో మాట్లాడింది రేపు చూపించలేం.

మూడు రోజులకి జవాబు. దూరంనుంచి తీసిన ఫొటో ఒకటి పంపారు. తనిఖీ కాగితం ఊసు లేదు. బిల్లు లేదు, "అంచనా" అని ఒక అంకె ఉంది. చివర్లో ఒక తీపి మాట: మీరు మంచి అతిథులు కాబట్టి సగం వెనక్కి ఇస్తాం, సమ్మతమని రాయండి.

"సగం వస్తోందిగా, వదిలెయ్యవే" అన్నారు మా ఆయన. ఆయనకి రసీదుల గొడవలంటే పడదు. నాకూ ఒక్క నిమిషం మనసు ఊగింది. కానీ సమ్మతమని రాస్తే, మిగతా సగానికి మేమే ఒప్పుకున్నట్టు కాదా? రేపు బ్యాంకుకి వెళ్తే వాళ్ళు ముందుగా చూపించే కాగితం అదే.

వాళ్ళు పంపిన ఫొటోలో మచ్చ కిటికీ పక్కన, సామాను పెట్టుకునే బల్ల కాళ్ళ దగ్గర ఉంది. ఆ మూల చూడగానే నాకు ఏదో గుర్తొచ్చింది. గదిలోకి వెళ్ళగానే అమ్మకి చూపిద్దామని కిటికీలోంచి కనపడే వంతెనని ఫొటో తీశాను. వంతెన సరిగ్గా పడలేదు, చీకటి. కానీ ఫొటో అడుగున బల్ల, దాని కింద కార్పెట్, కార్పెట్ మీద పడవకి ముందు సగం. ఇంకా మా పెట్టెలు తలుపు దగ్గరే ఉన్నాయి.

ఆనందంతో అమ్మ వాట్సాప్ తెరిచి ఆ ఫొటోనే దించుకున్నాను. పొరపాటు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకి సైజు తగ్గిపోవడమే కాదు, దాని లోపల దాగి ఉండే ఎక్సిఫ్ వివరాలు, అంటే తీసిన తేదీ, సమయం, ఫోన్ మోడల్ లాంటివి ఊడిపోతాయి. అదృష్టం బాగుండి అసలుది ఫోన్ గ్యాలరీలో ఉంది. గది తాళం ఇచ్చిన 9 నిమిషాల తర్వాత తీసినట్టు అందులో ఉంది. ఆ అసలు ఫైలునే ఈమెయిల్‌కి జతచేసి హోటల్‌కి పంపాను, బుకింగ్ సైట్ వాళ్ళకీ పంపాను. సైట్ వాళ్ళు "మీ బాధ అర్థమైంది" అన్నారు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. హోటల్ అసలు పలకలేదు.

వారం చూసి బ్యాంకుకి ఫోన్ చేశాను. అవతల అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు గానీ, మొదటి ప్రశ్నే "ఈ లావాదేవీ మీరు చెయ్యలేదా మేడం?" అని. చెయ్యలేదు అంటే సరిపోతుందనిపిస్తుంది. అనకూడదు. అలా అంటే అది మోసం కేసు కింద వెళ్తుంది, కార్డు రద్దవుతుంది, ఆ తర్వాత హోటల్ మా సంతకం ఉన్న రిజిస్ట్రేషన్ కాగితం చూపించగానే మా మాటే అబద్ధమైపోతుంది. కార్డు ఇచ్చింది నేనే, ఈ మొత్తానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇదే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు వివాదం ఫారం పంపాడు.

నాది మాస్టర్‌కార్డ్. వాళ్ళ నియమాల్లో హోటల్ వస్తువులు పోయినా, పాడైనా వేసే చార్జీకి ప్రత్యేకంగా ఓ పద్ధతి ఉంది. అది అద్దెతో కలపకుండా విడిగా వెయ్యాలి, పైగా నష్టం సంగతి కార్డుదారుకి చెప్పి, ఆ తర్వాత వాళ్ళు ఒప్పుకుంటేనే వెయ్యాలి. దిగేరోజు గుడ్డిగా పెట్టిన సంతకం దీనికి చాలదు. నా విషయంలో డబ్బు పొద్దున్న లాగారు, కబురు సాయంత్రం చెప్పారు. అంటే మచ్చ ఎవరు చేశారన్న వాదనలోకి దిగకముందే నా వైపు బలం ఉందన్నమాట! ఫారంలో మొదటి వాక్యంగా ఈ రెండు సమయాలే రాశాను. ఫొటో రెండోది. ఇన్నాళ్ళూ తలకిందులుగా ఆలోచించాను, కార్పెట్ గురించి.

వీసాకి నియమాలు వేరుగా ఉంటాయి, గడువులూ ఒక్కటి కాదు. చార్జ్‌బ్యాక్‌కి, అంటే బ్యాంకు ద్వారా ఆ డబ్బు వెనక్కి రప్పించుకోవడానికి, మాస్టర్‌కార్డ్‌లో చాలా రకాల వివాదాల్లో 120 రోజులుంటాయి, కొన్నింటికి 90 రోజులే. హోటల్‌తో ఉత్తరాలు నడుపుతూ కూర్చుంటే ఈ రోజులు ఆగవు. డెబిట్ కార్డుతో దిగేవాళ్ళకి ఇంకో చిక్కు: ఇరుక్కునేది బ్యాంకు డబ్బు కాదు, సొంత ఖాతాలో డబ్బు. తేలేదాకా అది లేకుండానే నెట్టుకురావాలి.

బ్యాంకు తాత్కాలికంగా డబ్బు వేసింది. ఎదురు జవాబు ఇవ్వడానికి హోటల్ వైపు బ్యాంకుకి 45 రోజులు. రోజూ చూసేదాన్ని. నలభయ్యో రోజు దాటాక చూడ్డం మానేశాను. రెండు నెలలకి మెసేజ్ వచ్చింది, వివాదం మీకు అనుకూలంగా ముగిసింది అని. హోటల్ ఏం చెప్పిందో, అసలేమైనా చెప్పిందో లేదో, నాకు చెప్పలేదు.

రివ్యూ రాశాను. పరుపుకి, స్టేషన్ దూరానికి, ఆ కుర్రాడికి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చాను. గదిలోకి అడుగుపెట్టగానే కార్పెట్ ఫొటో తీసుకోమని, వెళ్ళేటప్పుడు తాళం కార్డు డబ్బాలో వెయ్యకుండా ఎవరినైనా పిలిచి గది చూపించి, అంతా బాగుందని ఒక్క లైను ఈమెయిల్ పంపమని అడగమని రాశాను. అబద్ధాలకోరులు అని మొదట రాసి, తర్వాత తీసేశాను. బహుశా ఆ మచ్చని గది సర్దే మనిషి మేం వెళ్ళాకే మొదటిసారి చూసి ఉంటుంది.

డబ్బు పూర్తిగా రాలేదు. లావాదేవీ మొత్తం వచ్చింది గానీ, విదేశీ మారకానికి బ్యాంకు పైన వేసుకున్న చార్జీ రాలేదు. దానికి ఇంకో ఫారం ఉందట. మా ఆయన నా మొహంలోకి చూశారు. నేను వెళ్ళి సూట్‌కేసు విప్పడం మొదలుపెట్టాను.