రొమ్ము గడ్డకు ఐహెచ్‌సీ పరీక్ష: పాలకొండ రోడ్డు ల్యాబ్‌లో మా అనుభవం

మా అప్ప రొమ్ములో గడ్డకు ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. ఆ వెంటనే డాక్టరు గారు ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, ముక్కలోని కణాల్లో ఏ ప్రోటీన్లున్నాయో రంగు వేసి చూడటం) అని ఇంకో పరీక్ష రాశారు. "క్యాన్సరని తెలిసిపోయింది కదా, మళ్లీ డబ్బులెందుకు?" అన్నాడు బావ. ఇలా అనుకునేవాళ్లు ఇంకా ఉంటారనే ఈ రివ్యూ రాస్తున్నాను. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది ఈ పరీక్షే.

మేం వెళ్లింది శ్రీకాకుళం పాలకొండ రోడ్డులోని ఒక ల్యాబ్‌కి. రంగు వేసే పని విశాఖలో జరుగుతుందని కౌంటర్‌లోనే చెప్పేశారు, రేటు కూడా ముందే రసీదు మీద రాసిచ్చారు. కూర్చునే చోటు ఇరుకు. ఫోన్ చేస్తే ఎత్తరు.

కానీ అక్కడి పాథాలజిస్టు మేడం కోసమైనా మళ్లీ వెళ్తాను. మైక్రోస్కోపులో స్లైడ్ పెట్టి మమ్మల్నే చూడమన్నారు. నీలం చుక్కల మధ్య ఎటు చూసినా గోధుమరంగు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కణంలోని కేంద్రకం. గోధుమరంగు పట్టిందంటే అందులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉన్నట్టు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వచ్చి అతుక్కుంటే ఆ ప్రోటీన్ డీఎన్ఏని పట్టుకుని, కణం పెరగడానికి కావలసిన జీన్లను నడిపిస్తుంది. టామాక్సిఫెన్ మాత్ర బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపినట్టు హార్మోన్ చోటును ఆక్రమిస్తుంది. నూటికి ఒక్క కేంద్రకం రంగు పట్టినా పాజిటివే, అంటే ఇలాంటి మందు పనిచేసే అవకాశం ఉన్నట్టు. 10 శాతం లోపైతే 'తక్కువ పాజిటివ్' అని రాస్తారు. మా అప్పకు 90 శాతం. ఆ అంకె అర్థమయ్యాక బావ ముఖంలో టెన్షన్ కాస్త తగ్గింది.

రెండో స్లైడ్ కేఐ-67. విభజనలో ఉన్న కణాల కేంద్రకాల్లోనే కనిపించే ప్రోటీన్ ఇది. శాతం పెరిగేకొద్దీ గడ్డ జోరుగా పెరుగుతోందని అర్థం. హెర్-2 అనే ఇంకో ప్రోటీన్‌ను మాత్రం కేంద్రకంలో కాదు, కణం పైపొరలో చూస్తారు. మాకు 1+ వచ్చింది, అంటే నెగెటివ్. 2+ అయితే ఎటూ తేలదు, ఫిష్ అనే మరో పరీక్ష చేయించాల్సి వచ్చేది.

కౌంటర్‌లో పీ53 కూడా కలిపిన పెద్ద ప్యాకేజీ చెప్పారు. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపే కేంద్రక ప్రోటీన్ అది, 1979లో కనుగొన్నారు. సగానికి దగ్గరగా క్యాన్సర్లలో దాని జీన్ పాడై ఉంటుంది. అయినా మేడమే బిల్లులోంచి తీయించారు, "దాన్ని బట్టి మీ అక్కగారి మందు మారదు" అని. ఆ ల్యాబ్ మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే.

రిపోర్టులో ఒక లోపం ఉంది. శాతం రాశారు గానీ రంగు ఎంత గాఢంగా పట్టిందో రాయలేదు. అడిగాక సరిచేసి ఇచ్చారు. ముక్క తీసే ఆసుపత్రిలో మీరు అడగాల్సింది మరొకటుంది: ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవం) వేశారా, ఎన్ని గంటలు ఉంచారు? 6 నుంచి 72 గంటల మధ్య ఉండాలి. తేడా వస్తే ఉన్న ప్రోటీన్ కూడా లేనట్టు కనిపించవచ్చు. మాకు ముక్క తీసిన చోట ఆ టైము ఎక్కడా రాయలేదు.

అప్పకు ఇంకా నెలసరి ఆగలేదు కాబట్టి ఆపరేషన్, రేడియేషన్ తర్వాత టామాక్సిఫెన్ మొదలుపెట్టారు. రోజుకు 20 మిల్లీగ్రాములు, కనీసం అయిదేళ్లు. రిపోర్టుతో పాటు ముక్కను పొదిగి ఉంచిన మైనం బ్లాక్‌నీ, స్లైడ్లనీ అడిగి తెచ్చుకోండి, వేరే డాక్టరుకు చూపించాలంటే అవే కావాలి. మాకు అడిగితేనే ఇచ్చారు.