గిన్నె ఖాళీ అయితే తిన్నట్టు కాదు: ఉడుత బిళ్ళలతో ఐదు వారాలు

మా ఉడుత పేరు బుడంకాయ. పేరులో కాయ ఉందే కానీ కాయగూర అన్నది ముట్టదు. పసికూనగా గూట్లోంచి పడి ఒక కన్ను పోగొట్టుకుంది. బయట వదిలితే బతకదని డాక్టరు చెప్పడంతో మా దగ్గరే ఉండిపోయింది. రెండేళ్లుగా దాని భోజనమంతా పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పలుకులు, ఎప్పుడైనా ఒక ద్రాక్షపండు. తప్పు నాదే. ఇష్టంగా తింటోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఒకరోజు కర్టెన్ ఎక్కబోయి జారింది. అదే సాయంత్రం ఇంకో రెండుసార్లు. వెనక కాళ్లకు పట్టు లేదు. ఎక్స్‌రే తీస్తే ఎముకలు పలచబడ్డాయని తేలింది. ఉడుత తిండిలో భాస్వరం కన్నా కాల్షియం దాదాపు రెట్టింపు ఉంటే మంచిదని డాక్టరు చెప్పారు. 100 గ్రాముల పొద్దుతిరుగుడు పప్పులో కాల్షియం 80 మిల్లీగ్రాములు కూడా ఉండదు, భాస్వరమేమో 600 దాటుతుంది. అంటే లెక్క పూర్తిగా తిరగబడిందన్నమాట. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా ఒళ్లు దాన్ని ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. మందు విడిగా రాసిచ్చి, గింజలు మాన్పించి ఉడుతల కోసమే చేసే తిండి బిళ్ళలు అలవాటు చేయమన్నారు. ఈ రివ్యూ ఆ బిళ్ళల గురించే.

బ్యాగు తెరవగానే ఎండుగడ్డి వాసన. బిళ్ళ ఒక్కొక్కటీ పాచికంత ఉంది, రాయిలా గట్టిగా. ఉడుతల ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ గట్టిదనం మంచిదే. కాల్షియం, డి3 విటమిన్ ఎంతెంత ఉన్నాయో వెనక వివరంగా వేశారు, అదీ నచ్చింది. ముందువైపు మాత్రం "ఉడుతలు ఎగబడి తింటాయి" అని రాశారు. అది రాసినాయన మా బుడంకాయను చూడలేదు.

మొదటి రోజు బిళ్ళను రెండు చేతులతో అందుకుంది. గుండ్రంగా తిప్పింది, వాసన చూసింది, మూలన పళ్లు ఆనించింది. తర్వాత నా వైపు ఒంటికన్నుతో చూస్తూ చేతులు వదిలేసింది. బిళ్ళ టంగుమని కింద పడింది. రెండోదీ అంతే. మూడో రోజుకి మాత్రం గిన్నె ఖాళీ! నాలుగో రోజూ ఖాళీ. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, ఇంట్లో అందరికీ చెప్పేశాను.

వారం తిరిగేసరికి కిచెన్ తూకం మీద పెడితే 118 గ్రాములది కాస్తా 111కి దిగింది. టెన్షన్‌తో ఇల్లంతా వెతికాను. సోఫా దిండు వెనక తొమ్మిది, వాడని బూటులో అయిదు, నా స్వెటర్ చేతిలో రెండు బిళ్ళలు దొరికాయి. ఒక్కదాని మీదా పంటిగాటు లేదు. దాచుకోవడం ఉడుత నైజమని తెలుసు కానీ, ఇష్టంలేని తిండిని కూడా ఇంత శ్రద్ధగా సర్దుతుందనుకోలేదు. అప్పట్నుంచి గిన్నెను నమ్మడం మానేశాను. రోజూ పొద్దున్నే తూకం వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పస్తు పెడితే అదే దిగివస్తుందని ఎవరైనా చెబితే వినకండి. ఇంత చిన్న ప్రాణికి ఒంట్లో నిల్వ ఉండేదే కొంచెం. బరువు పడిపోగానే నేను డాక్టరుకు ఫోన్ చేసి, ఒక పూట పాత తిండి పెట్టాను. చివరికి పనిచేసింది వేరే పద్ధతి. బిళ్ళను పొడి కొట్టి, అంతే వాల్‌నట్ పొడి కలిపి, నాలుగు చుక్కల నీళ్లతో శనగగింజంత ఉండలు చేశాను. పొద్దున లేచిన వెంటనే, ఆకలి మీదున్నప్పుడు, అవే పెట్టాను. లాక్కుని తినేసింది! నాలుగు రోజులకోసారి వాల్‌నట్ కొంచెం తగ్గిస్తూ వచ్చాను. మధ్యలో తొందరపడి ఒకేసారి సగానికి కోశాను, పసిగట్టేసి ఉండను గోడకేసి కొట్టినంత పని చేసింది. మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

అయిదో వారంలో ఒక ఉదయం కాఫీ కలుపుతుంటే వెనక నుంచి కరకరమని చప్పుడు. తిరిగి చూస్తే వాల్‌నట్ లేని ఉత్త బిళ్ళ ముక్క. మూలలన్నీ అరగ్గొట్టి నున్నగా చేసేసింది. కదిలితే పారేస్తుందేమోనని స్పూను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇప్పుడు బరువు 120. కర్టెన్ సగం దాకా ఎక్కుతోంది. అది మందు వల్లా తిండి వల్లా అంటే విడదీసి చెప్పలేను. బ్రకోలీ మాత్రం ఇప్పటికీ ముట్టదు, కేల్ ఆకు ఈనె తీసేస్తే తింటుంది. పాలకూర నేనే పెట్టను. అందులో కాల్షియం ఉన్నా, ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకోవడం వల్ల ఒంటికి పట్టేది తక్కువ.

ఇక బిళ్ళల మీద ఫిర్యాదులు. బ్యాగు జిప్పు రెండోరోజే ఊడింది. అడుగున మిగిలేదంతా పొడే (నాకు పనికొచ్చింది, అది వేరే సంగతి). రోజుకెన్ని పెట్టాలన్న పట్టిక పెద్ద జాతి ఉడుతలకు రాసింది. మా దానంత చిన్నదైతే ఎన్ని పెట్టాలో డాక్టర్నే అడగాలి. బిళ్ళ సైజు కూడా సగం ఉంటే చాలు, నేను పకడుతో విరగ్గొడుతున్నాను. పెద్ద బ్యాగు చవక కదా అని కొనకండి, నిల్వ ఉండేకొద్దీ విటమిన్లు తగ్గిపోతాయి. చిన్నది తీసుకుని, తేదీ చూసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకోండి.

తిండికి అయిదులో నాలుగు. ప్యాకింగుకి రెండు. రెండో బ్యాగు నిన్ననే తెరిచాను. పొద్దున బూటులో కాలు పెడితే మళ్లీ ఒక బిళ్ళ తగిలింది. ఈసారి సగం కొరికి ఉంది.