స్కిజోఫ్రీనియా: మాత్రలు ఒక్కటే చాలా, పనీపాటా కూడా కావాలా?

"మావాడు మాత్రలు వేసుకుంటున్నాడు, గొడవ చేయట్లేదు, అంతే చాలు." స్కిజోఫ్రీనియా (ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఉన్న చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. మనిషి మాత్రం పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునే ఉంటాడు. దీన్ని కోలుకోవడం అనొచ్చా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు అమెరికా ఈశాన్య మూలనున్న రెండు రాష్ట్రాలు, వెర్మాంట్, మెయిన్ గుర్తొస్తాయి. అంతకుముందు సంగతి టూకీగా: 1890లలో జర్మన్ డాక్టర్ ఎమిల్ క్రేపెలిన్ ఈ జబ్బును మనిషిని క్రమంగా క్షీణింపజేసే జబ్బుగా వర్ణించాడు. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలయ్యాక చెవిలో మాటలు, అనుమానాలు చాలామందికి తగ్గాయి. కానీ "ఇక వీళ్లింతే" అన్న నమ్మకం పోలేదు.

1950ల మధ్యలో వెర్మాంట్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మందుతో అంతగా కుదుటపడని 269 మందిని డాక్టర్ జార్జ్ బ్రూక్స్ బృందం చేరదీసింది. వాళ్లకు జబ్బు వచ్చి సగటున 16 ఏళ్లు, వార్డులోనే ఉండిపోయి ఆరేళ్లు. మందుతో పాటు వాళ్లకు పని నేర్పారు, ఊళ్లో ఉండటానికి చోటు చూశారు, ఉద్యోగాల్లో పెట్టించారు. బయటికి పంపాక కూడా వదిలేయలేదు. బయటికొచ్చిన ఇరవై, పాతికేళ్లకు పరిశోధకురాలు కోర్టెనే హార్డింగ్ బృందం వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగా మెరుగుపడటమో, పూర్తిగా కోలుకోవడమో జరిగింది. ఈ ఫలితాలు 1987లో వచ్చాయి.

మెయిన్‌లో అలాంటి కార్యక్రమం లేదు. వయసు, జబ్బు, ఆస్పత్రిలో గడిపిన కాలం సరిపోలేలా అక్కడివాళ్లను ఎంచి, 1995లో రెండు గుంపులనూ పోల్చారు. మెయిన్‌లోనూ చాలామంది మెరుగయ్యారు. అయినా పని చేసుకోవడంలో, నలుగురిలో మసలడంలో వెర్మాంట్ వాళ్లే ముందున్నారు. జబ్బు లక్షణాలు కూడా వాళ్లకే తక్కువ! "ముందు జబ్బు పూర్తిగా తగ్గనీ, పని సంగతి తర్వాత" అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే. రెండు రాష్ట్రాల మధ్య వేరే తేడాలూ ఉండొచ్చు, కాదనను. నా మొగ్గు మాత్రం వెర్మాంట్ వైపే.

అలాగని మాత్రలు మానేయమని కాదు. ఇంగ్లండ్‌లో డోసు మెల్లగా తగ్గిస్తూ చేసిన 'రాడార్' అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రెండేళ్లలో తీవ్రంగా తిరగబెట్టింది తగ్గించిన వాళ్లలో 25 శాతం మందికి, కొనసాగించిన వాళ్లలో 13 శాతం మందికి. తగ్గించినందుకు జీవితమేమైనా మెరుగైందా అంటే, అదీ లేదు. కాబట్టి డోసు మార్పు డాక్టరుతో మాట్లాడాకే.

మన దేశంలోనూ తమిళనాడు, గోవా, సతారాల్లో ఆస్పత్రి వైద్యానికి తోడు, శిక్షణ పొందిన స్థానికులు ఇళ్లకు వెళ్లి సాయం చేసి చూశారు. 2014లో వచ్చిన ఫలితం ప్రకారం, రోజువారీ పనుల్లో ఇబ్బంది కొద్దిగానే అయినా తగ్గింది.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు "నిద్ర పడుతోందా, మాత్ర వేస్తున్నారా" దగ్గరే మాట ఆగనివ్వకండి. "మావాడు రోజుకు రెండు గంటలు ఏ పని చేయగలడు? మాత్రల మత్తు ఎక్కువైతే ఏం చేద్దాం? పని నేర్పే చోటు దగ్గర్లో ఉందా?" అని అడగండి. అంతకంటే ముందు, ఏ పని ఇష్టమో అతన్నే అడగండి.